యాపిల్ పైకి నిగనిగ, కోస్తే లోపల నల్లగా... ఎందుకు?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. పోయిన ఆదివారం రెండు కిలోల యాపిల్స్ కొన్నా, పైన ఒక్క మచ్చ లేదు. బాబు స్కూల్ బాక్సులోకని కోస్తే గింజల చుట్టూ నల్లగా, దూదిలా బూజు. మా అత్తగారేమో అంతవరకు తీసేసి తినొచ్చు అంటారు, షాపతన్ని అడిగితే ఫ్రిజ్‌లో పెట్టుంటారు మేడం అందుకే అన్నాడు. ఏది నిజం?

జవాబు: ఫ్రిజ్ తప్పేం లేదమ్మా. షాపతని తప్పు కూడా లేదులెండి, పాపం నోటికొచ్చింది చెప్పాడు. ఆ బూజు మీ ఇంటికి రాకముందే, ఆ మాటకొస్తే కాయ కాయగా మారకముందే, పూతలోనే దూరింది. యాపిల్‌ని తలకిందులు చేసి చూడండి, తొడిమకి ఎదురువైపు చిన్న గుంట, అందులో ఎండిపోయిన పీచులాంటి ముక్కలు ఉంటాయి కదా, అది ఒకప్పటి పువ్వే. కాశ్మీర్‌లో, హిమాచల్‌లో ఏప్రిల్ పూత టైమ్‌లో వానలు పట్టుకున్నాయంటే వాడిన ఆ పువ్వు ముక్కల మీద ఆల్టర్నేరియా లాంటి బూజులు చేరతాయి. డెలీషియస్ రకాల్లో కొన్ని కాయలకి ఆ గుంట నుంచి గింజల గది దాకా సన్నటి సందు మూసుకోకుండా ఉండిపోతుంది, బూజు ఆ దారినే లోపలికెళ్ళి కూర్చుంటుంది, కాయ మాత్రం మామూలుగా పెరిగి ఎర్రబడి మీ బుట్టలోకి వచ్చేస్తుంది. కొనేటప్పుడు కనిపెట్టడం కష్టం. గుంట మరీ నోరు తెరిచినట్టుంటే నేనైతే ఆ కాయ పక్కన పెట్టేస్తా, అంతకుమించి నా దగ్గర చిట్కా లేదు.

ఇక తినడం సంగతి. బూజు పొడిగా గింజల గదిలోనే ఆగిపోతే మధ్యభాగం బాగా వెడల్పుగా తీసేసి తినేవాళ్ళున్నారు, మీ అత్తగారి మాట అక్కడి వరకు ఓకే. కానీ పిల్లాడి బాక్సులోకి మాత్రం వద్దు. గోధుమరంగు మచ్చ గుజ్జులోకి పాకినా, తడిగా ఉన్నా, ముక్కిన వాసన వేసినా కాయ మొత్తం చెత్తబుట్టలోకే.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మెత్తగా కుళ్ళిన కాయల్లో ఎక్కువగా కనిపించేది నీలి బూజు, పేరు పెనిసీలియం ఎక్స్‌పాన్సమ్. ఇది పాట్యులిన్ అనే విషం తయారుచేస్తుంది, అది కుళ్ళిన చోటే ఉండిపోకుండా పక్కనున్న మంచి గుజ్జులోకి కూడా కొంత దిగుతుంది, మరిగిస్తే పూర్తిగా పోయే రకం కూడా కాదు. యాపిల్ జ్యూస్‌లో అది కిలోకి 50 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశంలోనే కాదు, యూరప్‌లో, అమెరికాలో కూడా రూల్. మా వీధి చివర జ్యూస్ బండి దగ్గర ఒకసారి చూశా, సగం కుళ్ళిన కాయల్ని చకచకా చెక్కేసి మిక్సీలో పడేస్తున్నాడు, ఆ రోజు నుంచి యాపిల్ జ్యూస్ ఇంట్లోనే.

ప్రశ్న: సార్, కేఆర్ పురంలో నాది చిన్న పళ్ళ షాపు, సొంతూరు మదనపల్లి. మండీలో కాశ్మీర్ పెట్టెలు కొంటే పై వరస బ్రహ్మాండం, కింద వరసల్లో నాలుగైదు కాయలు కుళ్ళి ఉంటున్నాయి. అడిగితే నీ షాపులో వేడికే అంటున్నాడు వ్యాపారి. నష్టం నేనే భరించాలా?

జవాబు: తమ్ముడూ, ఈసారి కుళ్ళిన కాయని పారేసే ముందు ఒక స్పూన్ తీసుకో. కుళ్ళిన భాగం నీళ్ళలా మెత్తగా ఉండి, స్పూన్ పెడితే గిన్నెలోంచి జున్ను తీసినట్టు మొత్తం ఊడొచ్చి కింద మంచి గుజ్జు శుభ్రంగా మిగిలిందా, అది నీలి బూజు. దానికి ఎక్కువగా దెబ్బే దారి, కోసేటప్పుడు గోటి గాటు, పక్క కాయ తొడిమ గుచ్చుకోవడం, చెక్కపెట్టె మేకు, ఏదైనా సరే. అలా ఊడిరాకుండా లేత గోధుమరంగులో కొంచెం గట్టిగానే ఉండి, ఒకదాన్నానుకుని ఒకటిగా నాలుగైదు కాయలు గుంపుగా పోయాయా, అది బూడిద బూజు, బోట్రైటిస్, దెబ్బ లేకపోయినా తగిలితే అంటుకుంటుంది. మీ పెట్టెలో రెండోదే అని నా అనుమానం.

వేడికి కుళ్ళు జోరుగా పెరిగే మాట నిజమే, కానీ మీ షాపులో పుట్టింది కాదు. ఈ రెండు బూజులూ సున్నా డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతాయి, కోల్డ్ స్టోరేజీలో నిద్రపోవు. పైగా స్టోర్ నుంచి తీసిన చల్లటి పెట్టె మన గాలి తగలగానే కాయలకి చెమట పడుతుంది, ఆ తడే చాలు. అందుకని పెట్టె వచ్చిన రోజే కింద వరస దాకా విప్పి, ఫోన్‌లో ఫోటో తీసి అప్పుడే వ్యాపారికి పంపు, మూడు రోజుల తర్వాత గొడవపడితే ఎవరూ వినరు. చెమట ఆరేదాకా ప్లాస్టిక్ కవర్ కప్పొద్దు, కుళ్ళినవి ఉన్న అట్టట్రే మళ్ళీ వాడొద్దు.

ప్రశ్న: హోసూరు దగ్గర తోటలో సరదాకి వేడి ప్రాంతాల్లోనూ కాసే హెచ్ఆర్ఎంఎన్-99 రకం యాపిల్ మొక్కలు పది పెట్టాం. వానల్లో కాయల మీద గుండ్రంగా గోధుమరంగు పల్లాలు, వాటిలో వలయాలు, మధ్యలో గులాబీ రంగు జిగురు. ఏంటిది?

జవాబు: చేదు కుళ్ళు. కాయని పల్లం మీదుగా సగానికి కోయండి, మచ్చ లోపలికి "వి" ఆకారంలో దిగి ఉంటే ఇక డౌటు లేదు. కొల్లెటోట్రైకమ్ జాతి బూజు చేసే పని ఇది, మన మిర్చిలో కాయకుళ్ళు, మామిడిలో పక్షికన్ను మచ్చ తెచ్చే జాతే, వేడీ తడీ కలిస్తే దానికి పండగ. మచ్చపడ్డవి కోసి తోట బయట పూడ్చండి, కొమ్మకి ఎండి వేలాడే కాయలు కూడా వదలకండి, వచ్చే ఏటి బూజు వాటిలోనే దాక్కుంటుంది. చుట్టుపక్కల మామిడి, మిరప ఉన్నాయో లేదో మీరు రాయలేదు, ఉంటే వాటినీ ఓసారి చూసుకోండి.