గదులున్నాయి, సైటే తెరుచుకోదు

ప్రశ్న: విజయవాడ గాంధీనగర్‌లో మాకు 24 గదుల హోటల్ ఉంది. దసరాకి అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్లు కూడా బుకింగ్ యాప్‌ల నుంచే వస్తున్నారు, కమీషన్ భారమైపోతోంది. మా సైటేమో ఫోన్‌లో ఎంతకీ తెరుచుకోదు. కొత్తగా కట్టించాలా?

జవాబు: ముందు వేగం కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ సైటు అడ్రస్ పెట్టి చూడండి, ఉచితమే. అందులో ఎల్‌సీపీ అని ఒక అంకె కనిపిస్తుంది, అంటే పేజీలోని పెద్ద ఫొటోనో పెద్ద అక్షరాలో తెర మీదికి రావడానికి పట్టే సమయం, అది 2.5 సెకన్లు దాటకూడదు. హోటల్ సైట్లలో నేను ఎక్కువగా చూసే తప్పు, కెమెరాలోంచి తీసిన ఆరేడు ఎంబీల ఫొటోని అలాగే ఎక్కించేయడం. దాన్ని ఫోన్ తెరకి సరిపడా కుదించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో ఫార్మాట్‌లోకి మారిస్తే వంద, నూటయాభై కేబీలకి దిగుతుంది, గది మాత్రం అంతే అందంగా కనిపిస్తుంది. కిందున్న ఫొటోలకి లేజీ లోడింగ్, అంటే అక్కడిదాకా జరిపినప్పుడే లోడయ్యే ఏర్పాటు, పెట్టించండి, పై ఫొటోకి వద్దు. ఒకదాని తర్వాత ఒకటి ఫొటోలు మారే స్లైడర్లు తీసేయండి.

ఇంత చేసినా కదలకపోతే అప్పుడు కొత్తది కట్టించండి. రైలు దిగి స్టేషన్ బయట బ్యాగుతో నిలబడి వెతికే మనిషికి తేదీ, ధర, యూపీఐ వెంటనే దొరకాలి, ఫారం నింపితే ఫోన్ చేస్తామంటే ఆగరండీ. 2021 నుంచి గూగుల్ హోటల్ బుకింగ్ లింకుల్ని ఉచితంగా కూడా చూపిస్తోంది, మీ బుకింగ్ ఇంజిన్ (మీ సైటులోనే గది బుక్ చేసుకోనిచ్చే సాఫ్ట్‌వేర్) వాళ్లని అది కలపమని గట్టిగా అడగండి.