ఎండ్రకాయల పులుసు, లోహాల భయం

ప్రశ్న: మా ఇంట్లో ఆదివారం వచ్చిందంటే రొయ్యలో ఎండ్రకాయలో ఉండాల్సిందే. వాటిలో సీసం, కాడ్మియం చేరుతున్నాయని విన్నప్పటి నుంచి భయంగా ఉంది. కోడలికి ఇప్పుడు ఐదో నెల. ఉప్పు, పసుపు వేసి నాలుగైదు నీళ్లలో కడిగి బాగా ఉడికిస్తే ఆ దోషం పోతుందా? లేక పూర్తిగా మానేయాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పోదమ్మా. ఉప్పు, పసుపు నీచువాసనను తగ్గిస్తాయి, ఉడికిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. లోహం మాత్రం ఒంట్లోని ప్రొటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి కడిగినా వదలదు, ఎంత మంట పెట్టినా నశించదు. అలాగని మానేయనక్కరలేదు. ఏ భాగం తింటున్నామన్నదే ముఖ్యం.

ఎండ్రకాయ డిప్ప తీయగానే పసుపు, గోధుమ రంగుల్లో మెత్తని ముద్ద కనిపిస్తుంది. చాలామంది దాన్ని కొవ్వనుకుని ఇష్టంగా పులుసులో కలుపుతారు. నిజానికి అది ఎండ్రకాయకు కాలేయం వంటి అవయవం. కాడ్మియం ఎక్కువగా పోగయ్యేది అక్కడే. డిప్పతో సహా ఉడికిస్తే అందులో కొంత పులుసులోకీ దిగుతుంది. అందుకే పచ్చిగా ఉన్నప్పుడే ఆ ముద్దను పూర్తిగా గీకి పారేసి, కాళ్లలోని, ఒంటిలోని తెల్లని కండను మాత్రమే వండండి. రొయ్యకు అదే అవయవం తలలో ఉంటుంది. తలల పులుసు రుచి వదులుకోవడం కష్టమే అయినా, కోడలికి మాత్రం తల తీసిన రొయ్యలే పెట్టండి.

ఆల్చిప్పల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. అవి నీటిని వడగట్టుకుని బతుకుతాయి, మనమేమో వాటిని పొట్టతో సహా తింటాం. చాలా రకాల ఆల్చిప్పల్లో కాడ్మియం కిలోకు 2 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ హద్దు పెట్టింది. ఆ లోహం మూత్రపిండాల్లో చేరితే దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోతుంది. చెన్నై పక్కన ఎన్నూరులో థర్మల్ కేంద్రాల బూడిద ఏళ్ల తరబడి సముద్రపు పాయలో కలిసింది. అటువంటి చోట ఏరిన ఆల్చిప్పలు ఎంత తాజాగా ఉన్నా కొనవద్దు.

గర్భిణి విషయంలో అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది పాదరసం. జపాన్‌లోని మినమటలో 1956లో వెలుగుచూసిన వ్యాధికి మూలం ఒక కర్మాగారం వదిలిన పాదరసమే. చేపలు, ఆల్చిప్పలు తిని పైకి పెద్దగా లక్షణాలు కనబడని తల్లులకు కూడా తీవ్ర వైకల్యంతో బిడ్డలు పుట్టారు. మామూలుగా రొయ్యల్లో, ఎండ్రకాయల్లో పాదరసం తక్కువే. చిన్న చేపలను తిని పెరిగే సొరలో ఎక్కువ. మన వైపు పాలు పడతాయని బాలింతకు సొరపుట్టు పెట్టే అలవాటు ఉంది కదా, మీ కోడలికి ఇప్పుడూ, కాన్పయ్యాక పాలిచ్చినన్నాళ్లూ సొర పెట్టకండి.

కొన్న సరుకుపై అనుమానం ఉంటే, 2006 ఆహార భద్రత చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం వినియోగదారులు కూడా రుసుము చెల్లించి ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. అయితే పరీక్షకు పంపుతున్నామని కొనేటప్పుడే అంగడివారికి చెప్పాలి.