అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదువు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

పెద్ద ఇల్లు చూస్తున్నారని మీ అమ్మ చెప్పింది. ముందు సంతోషం వేసింది, ఆ వెంటనే గాబరా పుట్టింది. చిన్నప్పటి నుంచీ నీకు ఒకటి నచ్చిందంటే అది చేతికొచ్చేదాకా నిద్రపట్టదు. ఇల్లు కొనేటప్పుడు ఆ తొందరే మనిషిని ముంచుతుంది. ఫోన్లో చెబితే సగం వింటావని రాసి పంపుతున్నాను. కోడలితో కూడా చదివించు.

అసలు మారాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి. ఇల్లు చాలడం లేదంటే సరిపోదు, అందులో ఏది చాలడం లేదో తెలియాలి. ఒక కాగితం గోడకి అంటించి రెండు వారాలపాటు, ఇరుకనిపించిన ప్రతిసారీ ఎక్కడ, ఏ వేళప్పుడు, ఎందుకు అని ఇద్దరూ రాయండి. పొద్దున్న బాత్రూం దగ్గర ఎదురుచూపులే పదిసార్లు పడితే మీకు కావలసింది ఇంకో బాత్రూం, ఇంకో రెండు గదులు కాదు. పిల్లలు చదువుకోవడానికి చోటు లేకపోతే తలుపు వేసుకునే చిన్న గది చాలు. అల్మరాల మీద పెట్టెలు పేరుకున్నాయంటే ముందు సామాను తగ్గించండి. తగ్గించకుండా వెళితే కొత్తింట్లో ఒక గది వాటికే పోతుంది, ఆ గదికి కూడా నువ్వు వడ్డీ కడతావు. పిల్లల వయసూ లెక్కలోకి తీసుకో. ఏడేళ్ల పిల్ల పైచదువుకి వెళ్లడానికి ఇంకా పదకొండేళ్లు. 20 ఏళ్ల లోను తీసుకుంటే, ఆ తరవాత తొమ్మిదేళ్లు ఖాళీ గదికి ఈఎంఐ కడుతున్నట్టే. వద్దని అనను, తెలిసి కట్టమంటున్నాను.

ఇక అప్పు. 9 శాతం వడ్డీకి 20 ఏళ్లు పెట్టుకుంటే తీసుకున్నదానికి 2.16 రెట్లు తిరిగి కడతావు. 15 ఏళ్లయితే 1.83 రెట్లు. 30 ఏళ్లకి సాగదీస్తే దాదాపు 2.9 రెట్లు. అంత సాగదీసినా నెలవారీ కిస్తీ 20 ఏళ్ల దానికంటే తగ్గేది పదకొండు శాతమే. 'నెలకి తక్కువే పడుతుంది' అని ఎవరైనా అంటే ఈ అంకెలు గుర్తు తెచ్చుకో. ఇప్పటి ఇంటి మీద లోను ఉంది కదా, దాని మిగులు కూడా బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తెప్పించు. అదే వడ్డీకి 20 ఏళ్ల లోను అయిదేళ్లు కట్టినా అసలులో తీరేది సుమారు 11 శాతమే. మొదటి ఏళ్ల కిస్తీలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. చాలామంది తీరిపోయిందనుకున్న దానికీ, నిజంగా తీరినదానికీ పొంతన ఉండదు.

మోయగలమా లేదా అన్నది కాగితం మీద కాదు, ఇంట్లో పరీక్షించండి. రాబోయే ఈఎంఐకి, ఇప్పుడు కడుతున్నదానికి ఉన్న తేడాని ఈ నెల నుంచే విడి ఖాతాలో వెయ్యండి. దానితోపాటు నిర్వహణకి కూడా. ఏడాదికి ఇంటి విలువలో ఒక శాతం మరమ్మతులకి పక్కన పెట్టాలన్నది చాలామంది పాటించే లెక్క. ఆరు నెలలు ఆ ఖాతా ముట్టుకోకుండా ఇల్లు గడిస్తే ముందుకెళ్లండి. వడ్డీ మారే లోను అయితే ఒక శాతం పెరిగినా కిస్తీ ఏడు శాతం పైన పెరుగుతుంది, అది కూడా తట్టుకోవాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే భయం వేసే సంగతి. ఇల్లు మారేవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న తప్పు ఒకటుంది: పాత ఇల్లు అమ్ముడుపోకముందే కొత్తదానికి అడ్వాన్సు ఇచ్చేయడం. ఎలా జరుగుతుందో చెబుతాను. ఇల్లు కంటికి నచ్చుతుంది. ఇంకెవరో కూడా అడుగుతున్నారని అమ్మేవాళ్లు అంటారు. చేతిలో ఉన్న డబ్బంతా అడ్వాన్సుగా పోతుంది, మిగతాది మూడు నెలల్లో చెల్లిస్తామని సంతకం అవుతుంది. పాత ఇంటికి ఎంత వస్తుందో పక్కింటివాళ్లు చెప్పిన ధరని బట్టి అనుకుంటారు. వాళ్లు చెప్పింది అడిగిన ధర, అమ్ముడైన ధర కాదు. మొదటి నెల చూడటానికి వచ్చినవాళ్లు తక్కువకి అడిగితే కాదంటారు. రెండో నెలలో ఎవరూ రారు. మూడో నెలలో గడువు మెడమీదికి వస్తుంది. అది ఎదుటివాడికి తెలిసిపోతుంది, బేరం అక్కడితో వాడి చేతుల్లోకి పోతుంది. అప్పుడు మిగిలేవి మూడే దారులు: అడ్వాన్సు వదులుకోవడం, ఎక్కువ వడ్డీకి తాత్కాలిక అప్పు తెచ్చి రెండిళ్ల కిస్తీలు కట్టడం, పాతది వచ్చిన ధరకి వదిలించుకోవడం. ఏది చేసినా పోయేది మరమ్మతులకీ, పిల్లల ఫీజులకీ దాచిన డబ్బు. కొత్తింట్లో కాలుపెట్టిన రోజునే చేతిలో ఏమీ ఉండదు, ఆ వానాకాలమే కప్పు కారడం మొదలవుతుంది. నిన్ను ఆ స్థితిలో ఊహించుకోలేను నాన్నా.

అందుకని వరస తప్పకు. ముందు మీ చుట్టుపక్కల ఈ ఏడాది నిజంగా రిజిస్ట్రేషన్ అయిన ధరలు కనుక్కో. అందులోంచి పాత లోను మిగులు, ముందే తీర్చినందుకు ఏమైనా రుసుముంటే అది, పన్ను, మధ్యవర్తి కమీషన్ తీసెయ్. మిగిలినదే నీది. దానిలోంచి కూడా పదో వంతు తగ్గించి లెక్క వేసుకో. రెండోది, బ్యాంకు ఎంత ఇస్తుందో నోటిమాటగా కాక కాగితం మీద తీసుకో. మూడోది, పాత ఇంటికి కొనేవాళ్లు ఖాయమై అగ్రిమెంటు అయ్యాకే కొత్తదానికి అడ్వాన్సు ఇవ్వు. ఖాళీ చెయ్యడానికి రెండు మూడు నెలల గడువు కావాలని, అవసరమైతే ఆ కాలానికి అద్దె కడతామని అందులోనే రాయించు. కొత్తది చేజారిపోయేలా ఉండి ముందే ఇవ్వక తప్పకపోతే అడ్వాన్సు వీలైనంత చిన్నది చెయ్. లోను మంజూరు కాకపోయినా, ఫలానా తేదీలోపు పాత ఇల్లు అమ్ముడుపోకపోయినా అది వాపసు ఇవ్వాలని స్పష్టంగా రాయించు. ఆ షరతుకి ఒప్పుకోకపోతే లేచి వచ్చెయ్. ఇల్లు పోతే ఇంకోటి దొరుకుతుంది.

ఇదంతా కష్టమనిపిస్తే పాతది అద్దెకిచ్చి, పెద్ద ఇంట్లో ఒక ఏడాది మీరూ అద్దెకుండి చూడండి. అద్దె దండగ అని అందరూ అంటారు. తప్పు ఇల్లు కొని మళ్లీ అమ్మితే అయ్యే నష్టంతో పోలిస్తే అది చిన్నదే.

ఇల్లు చూడటానికి ఒక్కసారి వెళ్లి ఊరుకోకు. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి, వీలైతే వాన పడ్డ మర్నాడు ఒకసారి వెళ్లు. గోడల అడుగున తెల్లటి పొడి రాలుతుంటే నేల నుంచి చెమ్మ ఎక్కుతోందని అర్థం. సీలింగ్ మీద గోధుమరంగు వలయం ఉంటే పైనుంచి కారుతోంది. ఒక్కచోట మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే ఎందుకేశారో అడుగు. సున్నం మీద వెంట్రుకలాంటి బీటలకి భయపడనక్కరలేదు. కిటికీ మూలనుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పాకి, ఒక చివర వెడల్పుగా ఉండి, గోడకి అవతలివైపు కూడా కనిపించే బీట అయితే ఇంజినీరుకి చూపించకుండా అడుగు ముందుకెయ్యకు. షవరు, వంటింటి కొళాయి, ఫ్లష్ ఒకేసారి వదిలి చూడు. ధార సన్నబడితే రోజూ అదే గొడవ.

మీ అమ్మ మీతోనే ఉంటుంది, అది ఎప్పుడూ మరవకు. పై అంతస్తు ఎంత బాగున్నా, కింద అంతస్తులో ఒక పడకగది, బాత్రూం లేని ఇల్లు వద్దు. తలుపు తెరిచినప్పుడు సందు కనీసం 32 అంగుళాలుండాలి, చక్రాల కుర్చీ పట్టాలంటే అంత కావాలి. ఆ అవసరం రాకూడదనే కోరుకుందాం, కానీ కొలుచుకుని రా.

గదుల్ని పేపరు మీద విస్తీర్ణంతో నమ్మకు. ప్రకటనలోని అంకెలో గోడలు, బాల్కనీ, మెట్ల వాటా కలిసి ఉండొచ్చు. టేపు తీసుకెళ్లి లోపలి కొలతే తీసుకో. పది అడుగుల వెడల్పు గదిలో ఆరడుగుల మంచం, రెండడుగుల లోతు అల్మరా పెడితే మిగిలేది రెండే అడుగులు. అల్మరా తలుపు తెరవడానికీ, మనిషి నడవడానికీ అదే జాగా. పెద్ద సామాను మెట్ల మలుపు దగ్గర తిరుగుతుందో లేదో కూడా కొలువు.

సామాను సర్దడం మీకు తెలిసిందే. పుస్తకాలు చిన్న పెట్టెల్లో, పెట్టె బరువు పదిహేను కిలోలు మించకుండా, గది పేరు పక్కభాగం మీద. పత్రాలు, మందులు, నగలు లారీలో వెయ్యకండి. ఫ్రిజ్‌ని పడుకోబెట్టి తెస్తే ఒక రాత్రి నిలబెట్టి ఉంచాకే స్విచ్ వెయ్యండి, లేకపోతే కంప్రెసర్‌లోని ఆయిల్ వెనక్కి దిగకముందే అది తిరుగుతుంది. మొదటి రోజే తాళాలు మార్పించు. పిల్లల గది అన్నిటికంటే ముందు సర్దండి, కొత్తచోట మొదటి రాత్రి వాళ్లు బెంగపడకూడదు.

అగ్రిమెంటు డ్రాఫ్టు చేతికి రాగానే సంతకానికి ముందు నాకో కాపీ పంపు. వాపసు షరతు ఏ పేజీలో ఉందో గీత గీసి పంపు.

మీ పెద్దమ్మ