ఫ్లైట్ ఎక్కే ముందు పళ్ళు చూపించుకోండి

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అమెరికా వస్తున్న పిల్లలు ఊరగాయ ఎన్ని కిలోలు తేవచ్చు, ఎన్ని లీటర్ల కుక్కర్ కొనాలి అని అడుగుతారు. పళ్ళ సంగతి మాత్రం నొప్పి పుట్టాకే గుర్తొస్తుంది. "అక్కా, హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది కదా, పన్నుకి పనికిరాదంటారేంటి?" అని అప్పుడు ఫోన్ చేస్తారు.

ఇక్కడ పెద్దవాళ్ళ హెల్త్ ఇన్సూరెన్స్‌లో మామూలు పళ్ళ వైద్యం సాధారణంగా ఉండదు. డెంటల్ ప్లాన్ విడిగా తీసుకోవాలి. దానికీ ఏడాదికి పరిమితి, చాలా ప్లాన్లలో 1000 నుంచి 2000 డాలర్లు. ఒక్క రూట్ కెనాల్, దాని మీద క్యాప్‌తోనే అది అయిపోవచ్చు. అదే ఆరు నెలలకోసారి చేసే క్లీనింగ్‌కైతే చాలా ప్లాన్లు పూర్తిగా ఇస్తాయి. అయినా మనవాళ్ళు వెళ్ళరు. నాకు బాధ అక్కడే.

ఇన్సూరెన్స్ వేరైనా, చిగుళ్ళ జబ్బు నోటితో ఆగదు. మన ఇళ్ళలో షుగర్ ఎంత మామూలో తెలుసు కదా. షుగర్ అదుపు తప్పితే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. చిగుళ్ళ వాపు తగ్గకపోతే షుగర్ దారికి రావడం కష్టమవుతుంది. చిగుళ్ళకు సరైన వైద్యం జరిగితే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బిఎ1సి (గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) అంకె సగటున 0.4 దాకా తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. గుండె జబ్బుతోనూ సంబంధం కనిపిస్తోంది కానీ, చిగుళ్ళ జబ్బే దానికి కారణమని రుజువు కాలేదు. గుండె వాల్వు మార్పించుకున్నవాళ్ళు మాత్రం ఆ మాట అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి. క్లీనింగ్‌కి ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి.

మొదటిసారి వెళ్ళినప్పుడు సన్నని కడ్డీతో ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల గుచ్చి చూస్తూ "టూ, త్రీ, టూ, ఫైవ్" అని చదువుతారు. కంగారు పడకండి. పంటికీ చిగురుకీ మధ్య లోతు అది, మిల్లీమీటర్లలో. 3 దాకా ఫర్వాలేదు. 4, ఆపైన ఉండి రక్తం కూడా వస్తుంటే జాగ్రత్త పడాలి. డీప్ క్లీనింగ్, అంటే చిగుళ్ళ కింద దాకా గార తీయడం, అవసరమని వాళ్ళు చెబితే ఆ అంకెలు, ఎక్స్‌రే చూపించమని అడగండి, చూపిస్తారు.

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని మన పెద్దవాళ్ళ భయం. గార తీయడం వల్ల పన్ను వదులు కాదు. వదులైనట్టు అనిపిస్తే, ఆ గార కింద ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటుంది, గార పోయాక కదలిక తెలుస్తుంది, అంతే.

కాబట్టి రేణిగుంటలో ఫ్లైట్ ఎక్కడానికి రెండు నెలల ముందే తిరుపతిలో డెంటిస్టుకి చూపించుకోండి. రూట్ కెనాల్ మొదలుపెడితే క్యాప్ వేయించుకునే బయలుదేరండి. ఎక్స్‌రేలు ఫోన్‌లో పెట్టుకోండి. అమ్మానాన్నల్ని పిలిపించుకునేటప్పుడూ ఇంతే. విజిటర్ ఇన్సూరెన్స్ పాత పంటి సమస్యలకు సాధారణంగా పనికిరాదు. నాన్నగారికి షుగర్ ఉంటే టికెట్ బుక్ చేసిన వారంలోనే చిగుళ్ళు చూపించమనండి.