34 జంపులకే 150 పారాచూట్ కొనొచ్చా?

ప్రశ్న: అక్కా, నమస్తే. నేను హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. స్కైడైవింగ్ నేర్చుకుని 25 జంపులకు ‘ఎ’ లైసెన్స్ తెచ్చుకున్నాను. ఇప్పటికి 34 అయ్యాయి, అన్నీ అద్దెకు తీసుకున్న పెద్ద పారాచూట్లతోనే. ఈ మధ్య దూకేది 240 చదరపు అడుగుల పారాచూట్ మీద. సీనియర్ ఒకాయన తన రిగ్ (పారాచూట్లతో సహా వీపుకి తగిలించుకునే సెట్టు) చవగ్గా ఇస్తానంటున్నాడు. అందులో మెయిన్ పారాచూట్ 150, అది పాడైతే వాడే రిజర్వ్ 143. ‘నువ్వు బాగానే దిగుతున్నావు, ఇట్టే అలవాటైపోతుంది’ అంటున్నాడు. నా బరువు 84 కిలోలు. తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దు తమ్ముడూ. ధర సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం. నీ 84 కిలోలకు రిగ్, బట్టలు, హెల్మెట్ కలిపి ఇంకో 12 వేసుకో. మొత్తం 96 కిలోలు, అంటే దాదాపు 212 పౌండ్లు. దాన్ని పారాచూట్ చదరపు అడుగులతో భాగిస్తే వచ్చేదే వింగ్ లోడింగ్. 150 మీద అది 1.4 అవుతుంది. నీలాంటి కొత్తవాళ్ళకు 1.0 దాటకపోవడం మంచిది. నీకు 210 కంటే చిన్నది ఇప్పుడే వద్దు. 230 దొరికితే ఇంకా సంతోషం.

బాగా దిగుతున్నావంటే అందులో సగం గొప్పతనం ఆ 240ది. ఫ్లేర్ (నేలను తాకేముందు బ్రేకులు లాగి వేగం తగ్గించడం) అర సెకను అటూ ఇటూ అయినా అది నిన్ను కాపాడుతుంది. 150 అలా కాదు. వేగంగా పోతుంది, మలుపు తిప్పితే ఎక్కువ ఎత్తు కోల్పోతుంది.

ఇది నా కాలితో నేర్చుకున్న పాఠం. అప్పటికి నావి 62 జంపులు. ఒకరి మాట నమ్మి చిన్న పారాచూట్‌కి మారి నెల కూడా కాలేదు. దిగబోతుంటే ఇంకో అమ్మాయి అడ్డం వచ్చింది. నేలకు యాభై అడుగుల ఎత్తులో కంగారుగా ఎడమ టాగిల్ (పారాచూట్‌ని తిప్పే పిడి) లాగేశాను. పారాచూట్ పక్కకి ఒరిగి ముక్కు కిందికి పెట్టింది. గడ్డి పరకలు విడివిడిగా కనిపించడం ఇప్పటికీ గుర్తే. చీలమండ విరిగింది, ప్లేటు, ఆరు స్క్రూలు వేశారు. పారాచూట్‌లో ఏ లోపమూ లేదు, చక్కగా తెరుచుకునే ఉంది. ఈ ఆటలో చాలా ప్రమాదాలు అలాంటి మంచి పారాచూట్ కిందే జరుగుతాయి. సైప్రెస్ లాంటి పరికరం ఉందిగా అనుకోకు. సుమారు 750 అడుగుల దగ్గర ఇంకా వేగంగా పడిపోతుంటే రిజర్వ్ తెరవడం దాని పని. కింద తిప్పిన తప్పు మలుపుకి అదేం చెయ్యలేదు.

చాలామంది అడగడం మర్చిపోయేది రిజర్వ్ సైజు. నువ్వు రాసినందుకు సంతోషం. 143 రిజర్వ్ అంటే నీకు దాదాపు 1.5. మెయిన్ పాడైన రోజు, మనసంతా టెన్షన్‌గా ఉన్నప్పుడు, బహుశా తెలియని పొలంలో దిగాల్సింది దాని మీదే. పోనీ మెయిన్ ఒక్కటే మార్చి 210 పెట్టుకుందామంటే, 150 కోసం కుట్టిన కంటైనర్‌లో (పారాచూట్ మడిచి పెట్టే సంచిలో) అది పట్టదు. ఇక చవక ఎక్కడిది?

ఇంకో ముప్పై నలభై జంపులు అద్దె రిగ్‌తోనే చెయ్యి. 240 నుంచి 230, ఆ తర్వాత 210, ఇలా ఒక్కో మెట్టే దిగు. కెనోపీ కోచింగ్ (పారాచూట్ నడపడంలో శిక్షణ) తప్పకుండా తీసుకో. రెండు టాగిల్స్ సగం వరకు లాగి, ఒకవైపు కొంచెం వదిలి తిరిగే ఫ్లాట్ టర్న్‌ని బాగా ఎత్తులో పదేపదే చేసి చూడు. ఆ రోజు నాకది చేతికొచ్చి ఉంటే కాలు విరిగేది కాదు. కింద ఎప్పుడైనా ఇరుక్కుంటే గాలికి ఎదురా కాదా అని చూడకు. పారాచూట్ సమంగా ఉంచు, ఖాళీ చోటుకి పోనియ్యి, ఫ్లేర్ చెయ్యి.

పాత రిగ్ ఏది నచ్చినా డబ్బు చెల్లించేముందు నీకు తెలిసిన రిగ్గర్‌తో (పారాచూట్లు తనిఖీ చేసి ప్యాక్ చేసే నిపుణుడితో) విప్పించి చూపించు, అమ్మేవాళ్ళ రిగ్గర్‌తో కాదు. లైన్లు (పారాచూట్ తాళ్ళు) కుంచించుకుపోయాయేమో, గుడ్డ ఎంత అరిగిందో వాళ్ళు చెయ్యి పెట్టి చెప్తారు. రిజర్వ్ కార్డు మీద తేదీ నువ్వే చదువు, అమెరికాలో 180 రోజులకోసారి మళ్ళీ ప్యాక్ చేయించాలి.

ఆ సీనియర్‌కి ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పెయ్. ఆ రిగ్‌కి సరిపోయేవాళ్ళు ఆయనకి దొరుకుతారు.