విశాఖ లాసన్స్ బే కాలనీలో 1967 ఎంజీబీ అనే బ్రిటిష్ ఓపెన్ స్పోర్ట్స్ కారు అమ్మకానికి ఉంది, 31,000 మైళ్లే తిరిగింది. కొనొచ్చా?

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. పెద్దాయన ఇంటి షెడ్డులో చాలా ఏళ్లుగా ఉన్న ఎంజీబీ రోడ్‌స్టర్, పెయింటు మెరుస్తోంది, సెల్ఫ్ కొడితే ఇంజన్ అందుకుంటోంది, మీటరు 31,000 మైళ్లు చూపిస్తోంది. ఇంత తక్కువ తిరిగిన బండి మళ్లీ దొరకదని ఆయన అంటున్నారు, వారంలోపు అడ్వాన్సు ఇవ్వమంటున్నారు.

ఇప్పుడే ఇవ్వకండి. ముందు బండిని పైకెత్తించి కింద చూడండి. సముద్రానికి అంత దగ్గర్లో కదలకుండా ఉన్న బండి ఎంత తక్కువ తిరిగిందంటే అంత అనుమానంగా చూడాలి. నేను ఓడల మరమ్మతు పనిలో చాలా కాలం ఉన్నాను, విశాఖ గాలి ఇనుమును ఏం చేస్తుందో రోజూ చూసిన మనిషిని. పైగా మా మేనమామగారి ఎంజీబీ ఆయన తర్వాత నా దగ్గరకొచ్చింది. పెదవాల్తేరులో మా ఇంట్లోనే ఉంది, ఇప్పటికీ నడుస్తోంది.

ఎంజీబీకి విడిగా ఛాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు, బాడీయే ఛాసిస్. పైకప్పు లేదు కాబట్టి బండి నడుము వంగకుండా పట్టి ఉంచేవి ముఖ్యంగా రెండు డోర్ల కింద ఉండే సిల్స్. మూత లేని అట్టపెట్టె అంచులు తడిస్తే ఎలా కూలబడుతుందో, సిల్స్ తుప్పు పడితే ఈ బండీ అంతే. బయటికి కనిపించే రేకే సిల్ అనుకుంటారు చాలామంది. దాని వెనక ఇంకో రెండు పొరలు, అడుగున క్యాజిల్ రైల్ అనే పట్టీ ఉంటాయి. ఉప్పు చెమ్మను పట్టి ఉంచుతుంది. తిరిగే బండికి గాలి, ఎండ తగిలి ఎంతో కొంత ఆరుతుంది. షెడ్డులో ఉన్న బండికి, అందులోనూ ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచినదానికి, ఆ మూసుకుపోయిన పొరల మధ్య చెమ్మ ఎటూ పోదు. పైన పెయింటు బాగానే ఉంటుంది, లోపల రేకు తినేస్తూ ఉంటుంది. మా బండి సిల్ కోయిస్తే మధ్య పొర చేత్తో నలిపినా పొడి అయిపోయింది. దాని మీటరు మీ బండి కంటే తక్కువే చూపించేది.

కాబట్టి పరీక్ష ఇలా చెయ్యండి. రెండు డోర్లూ మూసి, డోరుకూ వెనక రెక్కకూ (వెనక చక్రం మీది రేకుకూ) మధ్య ఉన్న సందు పైనా కిందా సమానంగా ఉందో లేదో చూడండి. తర్వాత సిల్ దగ్గర ఉండే జాకీ పాయింటులో జాకీ పెట్టి ఒక పక్క చక్రాలు నేల వదిలేదాకా ఎత్తండి. డోరు మామూలుగానే తెరుచుకుని మూసుకుంటే మంచిది. సందు మూసుకుపోయినా, డోరు బిగుసుకున్నా సిల్స్‌లో బలం లేనట్టే. జాకీ పెట్టిన చోటే నలిగి లోపలికి పోతే ఇంకేమీ చూడక్కర్లేదు. తర్వాత సీట్ల వెనక కార్పెట్ ఎత్తి బ్యాటరీ పెట్టెలు చూడండి. ఆ ఏడాది బండికి ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి, వాటి అడుగు కుళ్లడం చాలా మామూలు. డిక్కీ కింద పెట్రోలు ట్యాంకు పైభాగం కూడా తడిమి చూడండి, అక్కడ మట్టి, నీళ్లు నిలుస్తాయి. అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి బాడీ అంతా తిప్పండి. అంటని చోట లప్పం పెట్టారని అర్థం. బోనెట్‌కి మాత్రం అంటకపోతే కంగారు పడకండి, ఆ రోజుల్లో దాన్ని అల్యూమినియంతో చేశారు.

ఆ పెద్దాయన్ను ఇంకో ప్రశ్న అడగండి: 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను రోజున, ఈ బండి ఎక్కడుంది? లాసన్స్ బే వైపు ఆ రోజు సముద్రపు తుంపర ఇళ్లలోకి కొట్టింది. షెడ్డు రేకులు ఎగిరిపోయి ఉంటే, తర్వాత బండిని మంచినీళ్లతో అడుగు భాగంతో సహా కడిగించారా లేదా అన్నది నాకు మీటరు అంకె కంటే ముఖ్యం.

మీటరు మాటకొస్తే, అది ఐదంకెలది, 99,999 దాటితే మళ్లీ సున్నాకు వస్తుంది. 31,000 మైళ్లంటే దాదాపు 50,000 కిలోమీటర్లు. అది నిజమా, లేక 1,31,000 మైళ్లా అన్నది బండే చెబుతుంది. క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బర్లు, డ్రైవరు సీటు అంచు, స్టీరింగు పట్టుకునే చోటు, డోరు కీళ్ల వదులు ఒకదానితో ఒకటి సరిపోవాలి. పాత సర్వీసు బిల్లుల్లో మైళ్లు రాసి ఉంటే తేదీల ప్రకారం పేర్చుకోండి. ఇంగ్లండులోని గేడన్ ఊళ్లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్లు డబ్బు తీసుకుని ఫ్యాక్టరీ రికార్డుల నుంచి సర్టిఫికెట్ ఇస్తారు. బండి ఎప్పుడు తయారైంది, అసలు రంగేమిటి, ఇంజన్ నంబరేమిటి, ఏ దేశానికి పంపారు అన్నవి అందులో ఉంటాయి. అమ్మేవాళ్లు ఒరిజినల్ రంగు అంటున్నప్పుడు దీనికి మించిన సాక్ష్యం లేదు.

ఇంజన్ గురించి నేను పెద్దగా భయపెట్టను. 1798 సీసీ, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, చాలా గట్టి ఇంజన్. వేడెక్కాక నడుస్తుండగా ఆయిల్ ప్రెషర్ 50 పీఎస్‌ఐకి పైన ఉంటే సంతోషించండి. 1967 చివర్లో ఈ మోడల్ రెండో రూపం, మార్క్ టూ, వచ్చింది, మీది అంతకు ముందుదైతే ఫస్ట్ గేరుకు సింక్రోమెష్, అంటే గేర్లు సాఫీగా కలిసేలా చేసే ఏర్పాటు, ఉండదు. బండి కదులుతుండగా ఫస్ట్ వేస్తే కర్రుమంటుంది, అది జబ్బు కాదు. మార్క్ టూకి ముందు బండ్లకు బ్యాటరీ పాజిటివ్ వైరు బాడీకి కలిపి ఉంటుంది, కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను చెయ్యి పెట్టనిచ్చే ముందే చెప్పండి. ఇంజన్ సామాన్లు బ్రిటన్‌లో ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. బాడీ షెల్ కూడా కొత్తది దొరుకుతుంది, కానీ ఓడలో తెప్పించుకుని కస్టమ్స్ కట్టే సరికి ఆ ఖర్చు వేరే లెక్క. ఇప్పుడు షోరూముల్లో అమ్ముతున్న ఎంజీ కార్లకూ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు, అక్కడికెళ్తే సామాను దొరకదు.

స్టార్ట్ అవుతోంది కదా అని రోడ్డెక్కించకండి. ముందు పాత పెట్రోలు పూర్తిగా తీసేయాలి. బ్రేకు ఆయిల్ గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది, లోపల సిలిండర్లకు తుప్పు పట్టిస్తుంది. బ్రేకు రబ్బరు గొట్టాలు బయటికి బాగున్నా లోపల ఉబ్బి మూసుకుపోతాయి, పెడల్ వదిలినా బ్రేకు వదలదు. అవన్నీ మార్పించాకే నడపండి. టైర్ల పక్కన నాలుగంకెల కోడ్ చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పదేళ్లు దాటితే గాడి ఎంత లోతున్నా తీసేయండి. పెట్రోలు గొట్టాలు కూడా ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరు దానికి ఆగదు.

కాగితాల విషయంలో ఒక్కటి స్పష్టంగా తెలుసుకోండి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది, నంబరులో వీఏ అని ఉంటుంది. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఆ నంబరు ఉన్న బండిని మామూలుగా తిప్పుకోవడానికి లేదు. ప్రదర్శనలకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే. ఆదివారం పొద్దున టాప్ దించి రుషికొండ మీదుగా భీమిలి వెళ్లాలని మీరు రాశారు. అది మీ కోరికైతే మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించి ఉంచుకోండి. ఆర్‌సీ గడువు, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్న ప్లేట్లతో సరిపోల్చండి. మొదటి యజమాని విదేశం నుంచి తెచ్చుకున్నదని అంటున్నారు కాబట్టి అప్పటి కస్టమ్స్ కాగితాలు అడగండి. దిగుమతి బండ్లకు రెన్యువల్ ఫీజు చాలా ఎక్కువ, బేరానికి ముందే ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కోండి. గడువు దాటి ఉంటే ఆ పని అమ్మేవాళ్ల చేతే చేయించాలి.

సిల్స్ పోయి ఉన్నా బండి మీద మనసు నిలిచిపోతే, దాన్ని మరమ్మతు కావలసిన బండి ధరకే తీసుకోండి. పని ఇచ్చేటప్పుడు ఒక్క షరతు పెట్టండి: సిల్ కోసే ముందు డోరు ఖాళీలో అడ్డంగా ఇనుప పట్టీలు వెల్డ్ చేయాలి. లేకపోతే బాడీ కిందికి దిగి తర్వాత ఏ డోరూ సరిగ్గా పడదు. మా బండికి షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన వెల్డరుగారు ఈ పని చేశారు. పాత రేకు తీసే ముందే కొలతలన్నీ గోడ మీద రాసుకున్నారు, ఇప్పటికీ డోర్లు ఒక్క వేలితో మూసుకుంటాయి. కారు షెడ్డుల్లో అలాంటి ఓపిక అరుదు. ఈ ఊళ్లో ఓడల మీద పనిచేసిన చేతులున్నాయి, వెతకండి.

కొన్నాక దాన్ని మళ్లీ అలాంటి షెడ్డులో ఉంచకండి. సముద్రానికి దూరంగా గోపాలపట్నం, పెందుర్తి వైపు మీకు చుట్టాలుంటే అక్కడ గాలాడే చోట పెట్టండి, ప్లాస్టిక్ కవరు వద్దు, నూలు గుడ్డ చాలు. సిల్స్ లోపలికి గొట్టంతో మైనం పట్టించండి. వారం వారం నడపండి.

జాకీ పరీక్ష చేసినప్పుడు డోరు సందుల ఫోటోలు, ఎత్తకముందు ఒకటి, ఎత్తాక ఒకటి తీసి ఇక్కడ పెట్టండి. క్యాజిల్ రైల్ ఫోటో కూడా కావాలి. అవి చూశాక ధర గురించి మాట్లాడదాం.