ఇండస్ట్రియల్ డిజైన్ క్లాసులో జపాన్ సౌందర్య దృష్టి: సీసా, మూట, రంపం

ప్రశ్న: ఇండస్ట్రియల్ డిజైన్ రెండో ఏడాది విద్యార్థులకు ఆరు వారాల మాడ్యూల్ ఉంది. వాబీ-సాబీ (లోపాల్లో, పాతబడటంలో అందం చూసే జపాన్ భావన) స్లైడ్ల దగ్గరే ఆగిపోకుండా జపాన్ సౌందర్య దృష్టిని ఎలా నేర్పాలి?

జవాబు: ముందు ఆ మాటల్ని పక్కన పెట్టండి. మొదటి రోజే వాబీ-సాబీ అని చెబితే, పిల్లలు ఆరు వారాలూ బూడిదరంగు గుండ్రటి వస్తువులు గీసి కింద ఆ పేరు రాస్తారు. ఐదో వారం అయ్యేదాకా ఆ మాట బోర్డు ఎక్కకూడదు. అప్పటిదాకా చేతులకు పని చెప్పాలి.

మొదటి రెండు వారాలకు ఒక్క సీసా చాలు. జపాన్ డిజైనర్ కెంజీ ఎకువాన్ డిజైన్‌తో 1961లో వచ్చిన కిక్కోమాన్ సోయాసాస్ సీసా, 150 మిల్లీలీటర్లది. ఎర్ర మూతకు అటూ ఇటూ రెండు పొట్టి కొమ్ములుంటాయి, మన కొమ్ముచెంబుకు ఉన్నట్టే. ఒకదాంట్లోంచి సాస్ వస్తుంటే రెండోదాంట్లోంచి గాలి లోపలికి పోతుంది. ఆ రెండోదాన్ని వేలితో మూస్తే ధార ఆగుతుంది. కొమ్ము కింది అంచు లోపలి వైపు కోసి ఉంటుంది, అందుకే ఆఖరి చుక్క సీసా ఒంటి మీదుగా జారదు.

చూపించి వదిలేస్తే మాత్రం ఏమీ అంటదు. ఒక్కొక్కరి చేత త్రీడీ ప్రింటర్ మీద ఐదు కొమ్ములు చేయించండి. రంధ్రం అన్నిటికీ 4 మిల్లీమీటర్లు, మారేది కింది అంచు కోణం ఒక్కటే. సీసా మెడకు టిష్యూ చుట్టి, ఒక్కో కొమ్ముతో 20 సార్లు పోసి, వెంటనే టిష్యూ తూచాలి. చుక్క బరువు 0.05 గ్రాముల దగ్గర ఉంటుంది కాబట్టి వంటింటి కాటా పనికిరాదు, 0.01 గ్రాము చూపేది కావాలి. వంచే కోణం అందరికీ ఒకటే ఉండేలా చెక్కతో ఒక ఆపు బిగించండి. నెమ్మదిగా పోసినకొద్దీ ద్రవం అంచును పట్టుకుని కిందికి జారుతుంది, ఆపు లేకపోతే మీరు కొలిచేది పోసే చేతుల తేడానే అవుతుంది.

ఇక్కడ ఎక్కువగా దెబ్బతీసేది త్రీడీ ప్రింట్ గీతలు. ఆ సన్నని గాడుల్లో ద్రవం నిలిచి అన్ని కొమ్ములూ ఒకేలా కారతాయి. 400, తర్వాత 800 నంబరు నీటి ఎమెరీ పేపరుతో రుద్దాకే పరీక్ష పెట్టండి. రుద్దేటప్పుడు అంచు మొద్దుబారకుండా చూడాలి. కంప్యూటర్లో ప్రతి అంచునూ గుండ్రం చేసే అలవాటు పిల్లలకు ఉంటుంది. గుండ్రటి అంచును ద్రవం వదలదు, పదునైన అంచు దగ్గర తెగిపడుతుంది. ఈ సంగతి కాటా మీద కనబడ్డాక రూపం గురించి వాళ్లు మాట్లాడే తీరే మారుతుంది. నాకు ఈ మాడ్యూల్ మొత్తంలో అన్నిటికంటే విలువైన పని ఇదే.

మూడో వారం ఫురోషికి, అంటే చదరపు గుడ్డతో మూట కట్టే జపాన్ పద్ధతి, రెండు రోజులు చాలు. మూట కట్టడం మనకు కొత్త కాదు కాబట్టి త్వరగా అందుకుంటారు. 70 సెంటీమీటర్ల చదరపు నూలు గుడ్డ తీసుకోండి. పాలిస్టర్ అయితే ముడి జారుతుంది. గుడ్డ కర్ణంలో మూడో వంతు పొడవున్న వస్తువు, అంటే సుమారు 33 సెంటీమీటర్లది, హాయిగా ఇముడుతుంది. కుడి కొస ఎడమ మీదుగా, తర్వాత ఎడమ కొస కుడి మీదుగా వేస్తే ముడి నిలుస్తుంది. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే బరువుకు వదులవుతుంది.

మిగిలిన రోజులూ నాలుగో వారమూ రంపానికి. జపాన్ రంపం లాగినప్పుడు కోస్తుంది. లాగేటప్పుడు రేకు బిగిసి ఉంటుంది కనుక అర మిల్లీమీటరు మందమే ఉన్నా వంగదు. అలవాటు కొద్దీ బలంగా తోశారంటే మడత పడుతుంది. పళ్లు మెత్తటి కర్రకు తీర్చినవి, తుమ్మ మీద పెడితే విరుగుతాయి. ప్యాకింగ్ పెట్టెల పైన్ కర్ర వాడండి, ముందు మేకులన్నీ పీకించండి. 40 మిల్లీమీటర్ల చదరపు కర్రలు రెండింటికి సగం సగం కోసి అతికే ‘ఐగాకి’ జోడింపు చేయించండి, జిగురు లేకుండా. గీత పెన్సిల్‌తో కాక కత్తితో గీయాలి. పెన్సిల్ గీత మందమే చాలు, జోడింపు వదులైపోవడానికి. గీత మీద కోయకూడదు, తీసేసే ముక్క వైపు కోయాలి.

ఐదో వారం పరిశీలన. జపాన్ డిజైనర్ నావోతో ఫుకసావా 1999లో మొదలుపెట్టిన ‘ఆలోచన లేకుండా’ వర్క్‌షాపుల దారి ఇది. గొడుగు నిలబెట్టడానికి మనిషి తెలియకుండానే నేల పలకల మధ్య సందు వెతుకుతాడు. అలాంటివి ఒక్కొక్కరూ 30 ఫొటోలు తేవాలి: బైకు అద్దానికి తగిలించిన హెల్మెట్, కుర్చీ వీపు మీద తడి తువ్వాలు. పిల్లలు సాధారణంగా జుగాడ్‌ల (ఉన్నవాటితో పని గడిపే ఉపాయాల) ఫొటోలు తెస్తారు. జుగాడ్ ఆలోచించి చేసేది, ఇక్కడ కావాల్సింది ఆలోచించకుండా చేసేది. కలిసిపోయినవి ఏరి తీసేయండి.

కిన్‌త్సుగి అంటే పగిలిన పాత్రను లక్కతో అతికి, అతుకుల మీద బంగారం అద్దే జపాన్ పద్ధతి. దాని పేరుతో పగిలిన కప్పుకు బంగారు రంగు ఎపాక్సీ పూసే సరదాను మాత్రం గట్టిగా వద్దంటాను. ఆ కప్పులో టీ తాగకూడదు, నేర్చుకునేదీ ఏమీ లేదు. అసలు పద్ధతిలో వాడే ఉరుషి (చెట్టు పాల నుంచి వచ్చే లక్క) ఆరడం కాదు, 70 నుంచి 85 శాతం తేమలో గట్టిపడుతుంది, వారాలు పడుతుంది, పచ్చిగా తగిలితే ఒళ్లు దద్దుర్లెక్కుతుంది. క్లాసుకు కుదిరే పని కాదు.

ఆరో వారం వాబీ-సాబీ లాంటి మాటల్లోకి దిగండి, చరిత్రతో కలిపి. జపాన్ డిజైనర్ సోరి యనగి 1954 నాటి సీతాకోకచిలుక స్టూలు తీసుకోండి: వంచిన ప్లైవుడ్ ముక్కలు రెండూ ఒకే అచ్చువి, మధ్యలో ఒక లోహపు కడ్డీ. 1940లో జపాన్ వచ్చిన ఫ్రెంచి డిజైనర్ షార్లెట్ పెరియాండ్‌కు తోడుగా తిరిగినవాడు ఈ సోరి యనగి. తండ్రి యనగి మునెయోషి జానపద వస్తువుల మ్యూజియాన్ని 1936లో టోక్యోలో తెరిచాడు. పల్లె కుండా ఫ్యాక్టరీ ప్లైవుడ్డూ ఒకే ఇంట్లో ఉన్నాయన్నమాట. జపాన్‌ను మారని పురాతన దేశంగా చూసే పిల్లలకు ఇది తప్పక చెప్పండి.

కొమ్ములు పారేయకుండా ఒక్కోదాని మీద కోణం, కారిన గ్రాములు రాసి దాచండి. వచ్చే బ్యాచ్ అక్కడి నుంచి మొదలుపెడుతుంది.